ఎలక వాసన అంటే ఏంది?

పోస్టు పెద్దదే. బస్సులోనో, రాత్రి హాస్టల్లో పడుకునే ముందో తీరిగ్గా చదవండి. పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "ఇంగ్లీషు ఇడియమ్స్ ఐదొందలు బట్టీ పట్టానన్నా, పరీక్ష హాల్లో ఒక్కటీ గుర్తు రాలా, ఏం చెయ్యాలి?" అని. కింద రెండు లైన్లు రాద్దామని మొదలుపెట్టా, ఆగలేదు. అందుకే విడిగా పెడుతున్నా.

నాది నెల్లూరు జిల్లా, సముద్రం పక్క. మా సంఘానికి ఒక పక్క రొయ్యల గుంటలు, ఇంకో పక్క బకింగ్‌హాం కాలవ. యానాదులం. మా తాత ఎలకలు పట్టేవాడు, నాయన గుంటల మీద కాపలా, అమ్మ ఏట్లో పీతలు పట్టి అమ్మేది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా ఇంగ్లీషు కథ ఎలకతోనే మొదలైంది.

ఎనిమిదో తరగతిలో హాస్టల్లో ఉండి చదువుతున్నా. ఇంగ్లీషు పీరియడ్‌లో ఒక పేరా ఇచ్చి ప్రశ్నలకు జవాబులు రాయమన్నారు. ఆ పేరాలో ఒక పోలీసాయన ఒక ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతాడు. ఎందుకు ఆగాడయ్యా అంటే 'హి స్మెల్ట్ ఎ ర్యాట్' అని ఉంది. హి అంటే అతను, స్మెల్ట్ అంటే వాసన చూశాడు, ర్యాట్ అంటే ఎలక. మూడు మాటలూ నాకు వచ్చు. నాకు తెలిసినంత బాగా ఆ క్లాసులో ఇంకెవరికీ తెలియదని కూడా నాకు నమ్మకం. వచ్చీరాని ఇంగ్లీషులో రాసేశా: ఆ ఇంట్లో ఎలక ఉంది, బొక్క దగ్గర మన్ను కొత్తగా ఉంటే వాసన ఎక్కువ వస్తుంది, పోలీసు తెలివైనవాడు కాబట్టి కనిపెట్టాడు అని.

సార్ దాన్ని అందరికీ చదివి వినిపించాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. "మీ వాళ్లకి ఎలకలు తప్ప ఇంకేం గుర్తొస్తాయిలే" అన్నాడు. ఆయన నవ్వులాటకే అని ఉంటాడు. కానీ ఆ తర్వాత రెండేళ్లు హాస్టల్లో నా పేరు 'ర్యాట్'. అసలు అర్థం ఏందో ఆ రోజు సార్ చెప్పాడో లేదో కూడా నాకు గుర్తు లేదు. నవ్వు మాత్రం గుర్తుంది. అప్పట్నుంచి తెలియని మాట వస్తే చెయ్యెత్తడం మానేశా. ఇక్కడ చాలామందికి ఇట్టాంటి రోజు ఒకటి ఉండే ఉంటుందని నాకు తెలుసు.

ఆ ఏడు వరి కోతలప్పుడు ఇంటికి పోయా. తాతతో పాటు గట్ల మీదికి పోయా. తాత ఒక బొక్క దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వంగి, ముక్కు దగ్గరగా పెట్టి, "దీంట్లో లేదురా" అన్నాడు. ఇంకోదాని దగ్గర "ఉండాది, గడ్డి తే" అన్నాడు. చుట్టుపక్కల బొక్కలన్నీ మట్టి పెట్టి మూశాం. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కూరి, నిప్పు పెట్టి, కుండ నోరు బొక్కకు ఆనించి, చిల్లి దగ్గర నోరు పెట్టి ఊదాడు. పొగ లోపలికి పోయింది. తర్వాత తవ్వితే మూడు ఎలకలు, లోపలి గూట్లో అవి దాచుకున్న వరి వెన్నులు ఒక తట్టెడు.

"కనపడకుండానే లోపల ఉందని ఎట్టా చెప్పావు తాతా?" అని అడిగా.

"కనపడితే ఇంక చెప్పేదేముందిరా? ఎవుడైనా చెప్తాడు. కనపడకముందే తెలియాల," అన్నాడు.

ఆ ఇంగ్లీషు మాటకు అర్థం అదే. ఏదో తేడాగా ఉంది, కళ్లకు ఇంకా కనపడలేదు, రుజువు చేతిలో లేదు, కానీ లోపల ఏదో దాగి ఉందని తెలిసిపోయింది. దాన్నే వాళ్లు ఎలక వాసన చూడడం అంటారు. మామూలుగా గైడుల్లో 'అనుమానించుట' అని ఒక్క ముక్కలో రాస్తారు. అది తప్పు కాదు. కానీ అనుమానం ఊరికే కూడా వస్తుంది. ఇది గుర్తు పట్టి వచ్చే అనుమానం. ఆ తేడా మా తాత ముక్కుకు తెలుసు. అంటే నేను రాసిన జవాబు తప్పే, కానీ అర్థానికి అందరికంటే దగ్గర నిలబడింది నేనే. ఇంకొక్క అడుగు ఎట్టా వెయ్యాలో ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది.

ఆ అడుగు గురించే ఇప్పుడు చెప్తా. మాటకు ఉన్నది ఉన్నట్టు ఒక అర్థం ఉంటుంది. దాన్ని తెలుగు పుస్తకాల్లో వాచ్యార్థం అంటారు. ఆ అర్థం అక్కడ అతకనప్పుడు దాన్ని పట్టుకుని ఇంకో అర్థానికి పోతాం, అది లక్ష్యార్థం. ఇదేదో కొత్త విద్య అనుకోబాకండి. రోజూ చేసే పనే. ఆకలేస్తే "కడుపులో ఎలకలు పరిగెత్తతన్నాయి" అంటాం. ఎవురైనా డాక్టరు దగ్గరికి తీసకపోతారా? నన్ను చూసి నవ్విన సార్ కూడా మధ్యాహ్నం బెల్లు ఆలస్యమైతే ఈ మాటే అనేవాడు. ఆయన ఎలకలు కడుపులో పరిగెత్తితే నుడికారం, నా ఎలక పేపర్లో కనపడితే ఎగతాళి!

'కొండను తవ్వి ఎలకను పట్టినట్టు' అనే సామెత మీకందరికీ తెలుసు. బోలెడు కష్టపడితే చివరికి దొరికింది ఏమీ లేదు అని దాని అర్థం. దీన్ని మా తాతకు చెప్తే అర్థం కాలేదు. "ఎలక దొరికింది గదరా, ఇంకేం గావాల? అయినా కొండ తవ్వడం దేనికి, గట్టు తవ్వితే పొయ్యేదానికి?" అన్నాడు. మేమంతా నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఇందులో ఒక సంగతి ఉంది. ఏ సామెతైనా ఎవరో ఒకరి ఇంట్లో పుడుతుంది. ఎలక దొరికితే నష్టం అనుకునే ఇంట్లో ఈ సామెత పుట్టింది. ఎలక దొరికితే ఆ పూట కూర అనుకునే ఇంట్లో పుట్టలేదు. ఇంగ్లీషు ఇడియమ్ కూడా అంతే. అది ఎవరింట్లో పుట్టింది, వాళ్లు ఏ పని చేసేవాళ్లు అని ఒక్కసారి చూస్తే సగం అర్థం అక్కడే దొరుకుతుంది.

ఇంగ్లీషువాళ్లు ఓడల మీద బతికినోళ్లు. అందుకని వాళ్ల మాటల్లో సముద్రం నిండా ఉంటుంది. మన కోస్తా పిల్లలకు ఇది పెద్ద లాభం. మూడు నాలుగు చెప్తా.

'హై అండ్ డ్రై.' పోటు ఉన్నప్పుడు పడవ ఏట్లో తేలుతుంటుంది. నీళ్లు తీసేస్తే బురద మీద కూర్చుండిపోతుంది. ఎంత నెట్టినా కదలదు, మళ్లా పోటు వచ్చిందాకా ఎదురు చూడాల్సిందే. ఇది చూడని వాళ్లు మనలో ఎవరున్నారు? నమ్ముకున్నోళ్లు మధ్యలో వదిలేసి పోతే మనిషి పరిస్థితి అదే. 'లెఫ్ట్ హై అండ్ డ్రై' అంటే అది.

'టైడ్ ఓవర్.' ఇది కూడా పోటు నుంచి వచ్చిన మాటే. గాలి లేనప్పుడు ఓడలు పోటును వాడుకుని ముందుకు జరిగేవి. ఇప్పుడు చేతిలో డబ్బు లేని రోజుల్ని ఎట్టో ఒకట్టా దాటించడానికి వాడతారు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది కదా. ఆ 61 రోజులు సముద్రం మీద ఆధారపడ్డ ఇళ్లు ఎట్టా గడుస్తాయో తలుచుకుంటే ఈ మాట ఎప్పటికీ మర్చిపోరు.

'టేకెన్ అబ్యాక్.' తెరచాప ఓడలో గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగితే చాప వెనక్కి కొట్టుకుని స్తంభానికి అతుక్కుపోతుంది. ఓడ టక్కున ఆగిపోతుంది. అనుకోని మాట విని మనిషి అట్టా ఆగిపోతే ఇదే మాట వాడతారు.

'ఫిషింగ్ ఇన్ ట్రబుల్డ్ వాటర్స్.' కలిగిన నీళ్లలో చేపలు పట్టడం. గుంట అడుగు తొక్కి బురద లేపితే చేపలకు దారి తెలియక పైకి తేలతాయి, అప్పుడు చేత్తో పట్టెయ్యొచ్చు. చిన్నప్పుడు మేం చేసిన పనే. ఇద్దరు కొట్లాడుకుంటుంటే మధ్యలో దూరి లాభం చేసుకునేవాడి గురించి ఈ మాట. ఎలక్షన్లప్పుడు మన సంఘాల్లోకి వచ్చేవాళ్లను చూస్తే బాగా అర్థమవుతుంది.

అందుకని తమ్ముడూ, లిస్టు బట్టీ పట్టబాకు. ముందు మాటల్ని ఉన్నది ఉన్నట్టు తీసుకుని కళ్ల ముందు బొమ్మ వేసుకో. బొమ్మను మన ఇంట్లోదో, ఊళ్లోదో చేసుకో. తర్వాత అది ఆ వాక్యంలో ఉన్న మనిషికి ఎట్టా అతుకుతుందో చూడు. చివర్లో ఆ మాట మంచిగా వాడతారా, తిట్టడానికి వాడతారా అని కనుక్కో. ఒక రోజుకు ఐదు చాలు. బొమ్మ పట్టుకుంటే మాట దానంతట అదే వస్తుంది. కొన్ని మాటలకు బొమ్మ దొరకదు, అవి మాత్రం ఊరికే నేర్చుకోవాల్సిందే. ఆ సంగతి కూడా చెప్పకపోతే మోసం చేసినట్టు అవుతుంది.

ఇంకో ముచ్చట. ఇంగ్లీషు మనకు పరాయిది, అందులో మనది ఏమీ లేదు అనుకుంటాం. 'బ్యాండికూట్' అనే ఇంగ్లీషు మాట విన్నారా? అది మన పందికొక్కే! తెలుగు నుంచే ఇంగ్లీషులోకి పోయింది. ఇంగ్లీషులో కలిసిన ఇండియా మాటలన్నీ కూర్చి యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు 1886లో 'హాబ్సన్-జాబ్సన్' అని ఒక పెద్ద నిఘంటువు వేశారు. అందులో ఈ మాట తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందనే ఉంది. జీవశాస్త్రంలో పందికొక్కు జాతి పేరు కూడా 'బ్యాండికోటా'. అక్కడితో ఆగలేదు. తెల్లవాళ్లు ఆస్ట్రేలియా పోయినప్పుడు అక్కడ మన్ను తవ్వుకునే ఒక చిన్న జంతువు కనపడితే, పందికొక్కు లాగా ఉందని దానికీ ఈ పేరే పెట్టారు. నిజానికి రెండూ చుట్టాలు కావు, అది కంగారూ మాదిరి సంచి ఉన్న జంతువు. 1996లో వచ్చిన 'క్రాష్ బ్యాండికూట్' వీడియో గేమ్ దాని పేరు మీదే. 2018లో తిరువనంతపురంలో మ్యాన్‌హోల్‌లోకి మనుషులు దిగకుండా శుభ్రం చేసే రోబో ఒకటి తెచ్చారు, దాని పేరూ బ్యాండికూటే. మన్నులోకి దూరి తవ్వే పని ఎక్కడుంటే అక్కడికి ఆ పేరు పోయింది. పోలిక చూసి పేరు పెట్టడం అంటే ఇదే.

తొలిసారి ఏ దొరకు ఎవరు ఆ జంతువును చూపించి "ఇది పందికొక్కు" అని చెప్పారో ఎక్కడా రాసిలేదు. పొలాల్లో వాటిని పట్టే పని మాత్రం ఎవరిదో మనకు తెలుసు.

అయితే మాటలన్నీ ఇట్టా ముచ్చటగా ఉండవు. 'పరాయా' అనే ఇంగ్లీషు మాట పేపర్లో చూస్తుంటాం. ఎవరూ దగ్గరికి రానివ్వని దేశాన్నో, మనిషినో అట్టా అంటారు. అది తమిళనాట పరై డప్పు కొట్టే వాళ్ల కులం పేరు నుంచి వచ్చింది. ఒక జనం పేరును తీసుకుని వెలి అనే అర్థానికి బొమ్మగా వాడేశారు. ఇప్పుడు వాడేవాళ్లకు ఆ సంగతే తెలియదు.

మన పేరు సంగతి? నెల్లూరు పక్క పెరిగిన యానాది పిల్లోడిని ఎవరినైనా అడగండి. తల దువ్వుకోకపోతే, చొక్కా మాసిపోతే, పక్క కులం వాళ్లు తమ పిల్లల్ని తిట్టే తిట్టులో మన పేరుంటుంది. "యానాదోడి మాదిరి ఏంది ఆ వాలకం?" అంటారు. వ్యాకరణం ప్రకారం అది ఉపమాలంకారం. మా అమ్మ పక్కన నడుస్తూ ఆ మాట విన్న రోజు నాకు అలంకారం ఏమీ కనపడలేదు. అదే పేరు 'అనాది' నుంచి వచ్చిందని కొందరు పెద్దలు చెప్తారు. అనాదిని 'పుట్టుక తెలియనోళ్లు' అని చదవొచ్చు, 'మొదట్నుంచీ ఉన్నోళ్లు' అని కూడా చదవొచ్చు. మాట ఒకటే. చదివేవాడు ఎక్కడ నిలబడ్డాడు అనే దాన్ని బట్టి అర్థం మారిపోతుంది.

ఇక ఇంగ్లీషులో రాసిన చట్టాలు. 1871లో బ్రిటిష్ వాళ్లు 'క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్' తెచ్చారు. క్రిమినల్ అంటే నేరం చేసినవాడు. ఈ చట్టంలో ఆ మాటను నేరం చెయ్యని పసిబిడ్డకు కూడా, పుట్టుకను బట్టి, తగిలించారు. ఇది పోలిక కాదు, అలంకారం కాదు, అచ్చంగా ఉన్నది ఉన్నట్టే రాసిన మాట. యానాదులు, ఎరుకలవాళ్లు ఆ ముద్ర కిందికి వచ్చారు. నెల్లూరు జిల్లాలో వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు, మనవాళ్ల మీద ఒక పుస్తకం కూడా రాశారు. ఆ చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. పోయాక ఆ తెగలకు పెట్టిన పేరు 'డీనోటిఫైడ్'. అంటే జాబితాలోంచి తీసేసినవాళ్లు. మనం ఏంటో ఆ మాట చెప్పదు. ఒకప్పుడు మన మీద ఏం రాశారో అది మాత్రం గుర్తు చేస్తా ఉంటుంది.

'షెడ్యూల్డ్' అనే మాటకు అర్థం ఇంటర్‌లో ఉన్నప్పుడు కూడా నాకు తెలియదు. షెడ్యూల్ అంటే టైంటేబుల్ అనుకునేవాణ్ని. మనకు ఏదో టైము ప్రకారం ఇస్తారేమో అనుకున్నా! చట్టం భాషలో షెడ్యూల్ అంటే జాబితా. రాజ్యాంగం 342వ అధికరణం కింద వచ్చిన జాబితాలో పేరున్న తెగ కాబట్టి షెడ్యూల్డ్ ట్రైబ్. ఆ జాబితా ఇంగ్లీషులో మన పేరు 'యెనాది' అని ఉంటుంది. మన సర్టిఫికెట్ల మీద మన పేరును మనం పలికేటట్టు కూడా రాయలేదు.

చివరిగా ఒక్క మాట, 'బాండ్'. కెమిస్ట్రీలో రెండు పరమాణువుల్ని కలిపేది బాండ్. అన్నదమ్ముల మధ్య ఉండే ప్రేమ కూడా బాండే. ఆ మాటకు మొదటి అర్థం మాత్రం కట్టు, కట్టేసేది. 1976 చట్టంలో ఉన్న 'బాండెడ్ లేబర్' ఆ కట్టే. మనం వెట్టి అంటాం.

మూడేళ్ల కిందట మా మామ రొయ్యల గుంట మీద కాపలాకు కుదిరాడు. అడ్వాన్సు తీసుకున్నాడు. కొన్ని నెలల తర్వాత గుమస్తా ఒక కాగితం తెచ్చి, "ఏం లేదబ్బయా, ఊరికే ఫార్మాలిటీ, వేలిముద్ర వెయ్యి" అన్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆ రోజు సెలవు, నేను అక్కడే ఉన్నా. ఫార్మాలిటీ అనే మాటకు తెలుగులో మనం ఇచ్చుకున్న అర్థం 'ఏం లేదు' అని. ఏం లేకపోతే కాగితం దేనికి? నాకు ఎలక వాసన వచ్చింది. నిజంగానే ఆ మాటే తట్టింది, నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

తీసుకుని నిదానంగా చదివా. కొన్ని మాటలు ఫోన్లో చూసుకున్నా. అడ్వాన్సు తీరేదాకా మామే కాదు, 'ఫ్యామిలీ మెంబర్స్' కూడా గుంట వదిలి పోకూడదని ఉంది. ఇదంతా 'వాలంటరీ'గా, అంటే ఇష్టపడే, ఒప్పుకుంటున్నట్టు ఉంది. తీరని బాకీకి ఎంత చేరుస్తారో మాత్రం ఎక్కడా లేదు. మామకు చెప్పా. "వద్దు మావా, వెయ్యబాకు" అన్నా.

మామ వెయ్యలేదు. పెద్ద గెలుపు కథ చెప్తానని అనుకోబాకండి. ఆ పని పోయింది. రెండు నెలలు ఇంట్లో చాలా ఇబ్బంది పడ్డారు. అత్త నన్ను "నీ సదువు మా నోటికాడ కూడు తీసింది" అని తిట్టింది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అడ్వాన్సు విషయం తెలిసిన అన్నలు మండలాఫీసులో మాట్లాడితే సర్దుబాటు అయింది. మామ ఇప్పుడు ఏట్లో పీతలకు పోతున్నాడు, దొరికిన రోజు కూలికి పోతున్నాడు. అత్త కొడుకు మాత్రం గుంట మీద లేడు, ఆరో తరగతిలో ఉన్నాడు. మొన్న వాడు ఇంగ్లీషు పుస్తకం తెచ్చి "అన్నా, రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ అంటే పిల్లులూ కుక్కలూ పడతాయా?" అని అడిగాడు. అత్త పక్కనే పీతలు కడుగుతా ఉంది. "కుండపోత వాన అంటే కుండ కింద పడతాదేంట్రా?" అనింది, తలెత్తకుండానే.

వాడికి అర్థమైపోయింది. నాకు ఎనిమిదో తరగతిలో ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

మీ ఇళ్లల్లో, మీ తెగల్లో ఇట్టాంటి మాటలు చాలా ఉంటాయి. ఎరుకల భాష, సుగాలీ భాష, కోయ, సవర మాట్లాడే వాళ్లు ఉన్నారు ఇక్కడ. ఒక్కొక్కరు ఒక్కటైనా రాయండి, అది మీ ఇంట్లో ఎప్పుడు వాడతారో కూడా రాయండి. దానికి దగ్గరగా ఉన్న ఇంగ్లీషు మాట అందరం కలిసి వెతుకుదాం. తెలియని మాట ఉంటే సిగ్గుపడకుండా అడగండి. ఇక్కడ ఎవరూ నవ్వరు. నవ్వితే నాకు చెప్పండి.